గుడి గోడ మీద నీలి గీత

అంత పిరికి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. బల్లంటే భయం. కుక్కంటే భయం. ఆటో ఎక్కితే దిగేదాకా డ్రైవరు వీపు మీద నుంచి చూపు తిప్పేది కాదు. కాలవ మీద తాటిదుంగ వేసి ఉంటే ఆవిడ అవతలకి రాదు, మనమే ఇవతలకి వెళ్ళాలి. పోనీ ఆ భయాన్ని దాచుకునేదా అంటే అదీ లేదు. మనం "ఆకలేస్తోంది" అన్నంత మామూలుగా "నాకు భయమేస్తోందండీ" అనేది. మొన్న మధ్యాహ్నం బాపట్లలో ఆవిడ పోయిందని మా అయ్యగారికి, అంటే మా గుడి పాస్టరు గారికి, ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందట. గాలీ లేదు, వానా లేదు. అన్నిటికీ అంతంత భయపడిన మనిషి ఆఖరికి దేనికీ భయపడకుండా వెళ్ళిపోయింది.

మేమంతా ఆవిణ్ణి మేడం గారనే వాళ్ళం. బాపట్లలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మాదేమో అడవులదీవి దాటాక సముద్రం వైపు వచ్చే చిన్న పాలెం. నేను తెనాలి పిల్లని. పెళ్ళై ఇక్కడికొచ్చి, ఇక్కడి బడిలోనే టీచరుగా కుదురుకున్నాను. పిల్లలకి గాలి గురించీ తుపాన్ల గురించీ చెప్తానని ఆవిడ మా బడికి మొదటిసారి వచ్చినప్పుడు, నేను వేసిన కుర్చీని గుమ్మం పక్కకి లాక్కుని కూర్చుంది. కూర్చుని కప్పు వంక చూసింది, కిటికీల వంక చూసింది, "ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" అని అడిగింది. అప్పటికి నేను ఆ బడిలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నాను. చచ్చినా గుర్తు రాలేదు. లేచి వెళ్ళి చూసి చెప్పాల్సి వచ్చింది.

బాపట్ల నుంచి మా పాలేనికి గట్టు రోడ్డున వస్తే దగ్గర. కానీ ఆవిడ ఆ దారిన రాదు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, ఎదురుగా లారీ వస్తే చక్రం జారుతుందని భయం. బాపట్లలో రైలెక్కి తెనాలి వచ్చేది. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కేది. వేమూరు, భట్టిప్రోలు అన్నీ చూసుకుంటూ రేపల్లెలో దిగి, అక్కడ నెమ్మదిగా నడిపే ముసలి ఆటో డ్రైవరెవరో వెతుక్కుని, మధ్యాహ్నానికి మా పాలెం చేరేది.

"ఏంటి మేడం, భయపడీ భయపడీ సగం ఆయుష్షు రైల్లోనే గడిపేస్తున్నారు మీరు" అని ఏడిపించేదాన్ని.

"మిగతా సగం మిగులుతుంది కదమ్మా, నాకది చాలు" అనేది, పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకుంటూ.

ఆవిడ ముందు అనకూడని మాట ఒకటుంది. "ఏం కాదులెండి." మనకది ఊతపదం. పిల్లాడు పడితే ఏం కాదులే, గోడ పగిలితే ఏం కాదులే, జ్వరం వస్తే ఏం కాదులే. ఆ మాట వినబడితే చాలు, మెత్తగా మాట్లాడే ఆ మనిషి ముఖం ఎర్రబడేది. "ఏం కాదని మీకెవరు చెప్పారు? లెక్క ఏదన్నా వేశారా? ఎవరినన్నా అడిగారా?" అని నిలదీసేది. ఒకసారి మా సంఘ పెద్ద ఒకాయన పాపం మాట వరసకి అని, ఆ లెక్కల ప్రశ్నలు మొదలవగానే కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

తుపాను అంటే ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ తీరం దాటుతుందో, నల్లబల్ల మీద గీసి చెప్పేది. బూర బొమ్మ గీసేది. సన్నటి మొదలు ఇప్పుడు తుపాను ఉన్న చోటు, వెడల్పు మూతి రేపు అది ఎక్కడైనా ఉండగలిగిన చోటు. "వాతావరణం వాళ్ళు ఫలానా ఊరి మీదకే వస్తుందని చెప్పరమ్మా, చెప్పలేరు కూడా. ఈ మూతిలో ఎక్కడైనా రావచ్చంటారు. మనం అడగాల్సిందల్లా మన పాలెం ఈ మూతిలో ఉందా, లేదా? ఉంటే కదలాలి. అంతే." చాక్‌పీసుతో ఆ మూతిలో ఒక చుక్క పెట్టేది. ఆ చుక్క మేము.

మొదటి ఏడాది ఆవిడ మాట మీద కొన్ని కుటుంబాలు కదిలాయి. రోడ్డు పక్కన స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుపాను బిల్డింగు ఒకటుంది మాకు. మామూలు రోజుల్లో అందులో వలలు పడేస్తాం, మేకలు కడతాం. మేకల్ని తోలి, కడిగి, పిల్లా జెల్లాతో వెళ్ళి కూర్చున్నాం. తీరా ఆ తుపాను ఉత్తరానికి తిరిగి ఎటో పోయింది. మాకు నాలుగు చినుకులు రాలాయి. ఇక చూడండి తిట్లు! పాడైన పనులూ, ఎండబెట్టిన చేపలు తడిసిన సంగతీ, మేకల కంపూ అన్నీ కలిపి ఆవిడ నెత్తిన రుద్దారు. ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ముఖం మీదే అన్నారు.

ఆవిడ గుమ్మం పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చుని అంతా విన్నది. విని, "తిట్టండి. తుపాను రాని ప్రతిసారీ తిట్టండి. నన్ను తిట్టుకోడానికి మీరంతా ఉండాలి, అదే నాక్కావల్సింది" అంది. నవ్వుతూ అన్లేదు.

మా అత్తయ్య మాత్రం లొంగలేదు. మా అత్తయ్య చిన్నప్పుడు పెద్ద ఉప్పెనలో బతికిన మనిషి. ఏటా గుడిలో నిలబడి సాక్ష్యం చెప్తుంది. "ఆ రోజు గుడిలో ఉన్నోళ్ళమే బతికాం. నీళ్ళు గుడి మెట్టు దాకా వచ్చినయ్యి. మెట్టు కాడ ఆగిపోయినయ్యి. దేవుడు గీత గీశాడు" అని చెప్తుంటే ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకునే వాళ్ళు. మా పాలెంలో గాలి లేచిందంటే అందరూ గుడికే పరిగెత్తడం అప్పట్నుంచీ ఉంది. గుడిలో కూర్చుని పాడుకుంటూ ఉంటే ఏమీ కాదని నమ్మకం. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ నమ్మకం పట్టుకుంది.

ఒక ఆదివారం మేడం గారు కూడా గుడికొచ్చి ఆ సాక్ష్యం విన్నది. ఆవిడా మాలాగే లూథరన్ క్రైస్తవుల ఇంట పుట్టిన మనిషే. ఆరాధన అయిపోగానే మా అత్తయ్య దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ మెట్టు ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఎందుకు లేదండి? పాత గుడి కూలింది గానీ మెట్టుకేం, రాయి గదా."

పాత గుడి ఉన్నది ఇసుక దిబ్బ మీద. ఇప్పుడు అక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. కొత్త గుడి రోడ్డుకి దగ్గరని మురుగు కాలవ పక్కన కట్టారు. శ్లాబు వేశారు, రంగులేశారు, అద్దాల కిటికీలు పెట్టారు. ఎంత ఎత్తులో కట్టారన్నది ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాలని కూడా మాకు తెలీదు.

మర్నాడు ఆవిడ ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెప్పించింది, తాపీ మేస్త్రులు మట్టం చూసుకుంటారే, అది. అందులో నీళ్ళు పోసి ఎర్రసిరా కలిపింది. ఒక కొస పాత మెట్టు దగ్గర మా అత్తయ్య పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. అంచెలంచెలుగా కర్రలు పాతుకుంటూ, ఆ మెట్టు ఎత్తుని దిబ్బ మీద నుంచి కిందికి, చేల మీదుగా, కాలవ పక్కకి, కొత్త గుడిలోకి తెచ్చాం. ఎండకి మాడిపోయాం. గుడి లోపల గోడకి గొట్టం ఆనించి చూస్తే, ఎర్రనీళ్ళు నా నుదుటి దగ్గర నిలిచాయి.

"మేడం, ఎక్కడో తప్పు చేశాం. మళ్ళీ చూద్దాం" అన్నాను.

మళ్ళీ చూశాం. మళ్ళీ అక్కడే నిలిచాయి.

అత్తయ్య ఆ ఎర్రనీళ్ళ వంక చూసి, "అయితే ఏంటి? దేవుడు మారాడా?" అంది.

"దేవుడు మారలేదమ్మా. గుడి మారింది" అంది మేడం గారు.

అయ్యగారు కిటికీలకి వేయగా మిగిలిన నీలిరంగు తెచ్చి ఆ ఎత్తులో గోడంతా గీత గీయించారు. దేవుడి ఇంట్లో ఈ అపశకునం ఏంటని పెద్దలు గొడవపెట్టుకుంటే, "చెరిపేస్తే నీళ్ళు తగ్గుతాయా?" అన్నారు ఆయన. ఆ తర్వాత ఆదివారాలు ఎంత భయంగా గడిచేవో చెప్పలేను. చాప మీద కూర్చుంటే గీత తలల మీద ఎంతో ఎత్తున కనబడేది. ప్రసంగం వింటూ వింటూ నేను వరసలు చూసేదాన్ని. లేచి నిలబడ్డా ఇదిగో ఈమె మునిగిపోతుంది, ఈ పిల్ల మునిగిపోతుంది, వాళ్ళ నాన్న ముక్కు ఒక్కటి పైనుంటుంది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయేదాన్ని.

అప్పుడు మేడం గారు ఒక ఏర్పాటు చేసింది. ఈసారి మా పాలెం బూర మూతిలో ఉందని తెలిస్తే, పట్టపగలు వెలుతురు ఉండగానే, అయ్యగారు గుడి గంట ఆపకుండా కొట్టాలి. గంట వినగానే అందరూ తుపాను బిల్డింగుకి నడవాలి. ఇంటింటికీ తిరిగి చెప్పాం. అందరూ తలలూపారు. అందరికీ అర్థమైంది. మాకు అర్థమైందని ఆవిడకీ అర్థమైంది.

ఆ రోజు రానే వచ్చింది. నిజాంపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. పొద్దున్నే మా ఆయన పిల్లల్ని తీసుకెళ్ళి తెనాలిలో మా అమ్మ దగ్గర దింపి వస్తానని వెళ్ళి, రైళ్ళు ఆపేస్తే అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలాం. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆకాశం చూస్తే అదో రకం పసుపు. పక్షి అన్నది లేదు. బాపట్ల నుంచి మేడం గారు ఫోను చేసి అయ్యగారితో ఒకటే మాట అందట, "కొట్టండి" అని.

గంట మోగింది. ఆగకుండా మోగింది. నేను బట్టలు, మందులు, అటుకులు మూటకట్టి ఇటు తిరిగి చూద్దును కదా, అత్తయ్య పెట్టెలోంచి తెల్లచీర తీసి కట్టుకుంటోంది.

"ఏంటత్తయ్యా అది? ఎక్కడికి?"

"గంట కొడతన్నారు గదే. గుడికి."

"గంట కొడితే బిల్డింగుకి అనుకున్నాం కదా!"

"గంట కొడితే గుడికి రాకుండా ఎక్కడికన్నా పోతారటే? నీకేమన్నా మతి పోయిందా?"

వీధిలోకి వచ్చి చూశాను. ప్రతి ఇంట్లోంచీ జనం వస్తున్నారు. తెల్లచీరలు కట్టుకుని, బైబిళ్ళు ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, గుడికి. బిల్డింగు వైపు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరూ మొండికెయ్యలేదు, ఎవరూ మర్చిపోలేదు. పుట్టినప్పట్నుంచీ ఆ గంట వింటే ఎటు నడిచారో కాళ్ళు అటే నడిచాయి. మోకాళ్ళ నొప్పుల మనిషిని వదిలి నేనొక్కదాన్నే ఎలా పోను? అత్తయ్య చెయ్యి పట్టుకుని నేనూ గుడికే వెళ్ళాను. గుడి నిండిపోయింది. కరెంటు పోయింది. తలుపులు మూసి పాట అందుకున్నారు. అయ్యగారు ఒకరిద్దరికి చెప్పబోయారు గానీ, బయట గాలికీ లోపల పాటకీ ఆయన గొంతు ఎక్కడ వినబడుతుంది? నేను నీలి గీత వంక చూస్తూ కూర్చున్నాను. పిల్లలు తెనాలిలో ఉన్నారన్న ఒక్క సంగతే లోపల్లోపల జపం చేసుకుంటున్నాను.

అప్పుడు తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది.

రైళ్ళు లేవు. గట్టు రోడ్డున వచ్చింది. కాలవ పక్కన, ఆ గాలిలో, ఎవరినో బతిమాలుకుని ఆటోలో. బిల్డింగు దగ్గర దిగి చూస్తే అక్కడ మేకలు తప్ప ఎవరూ లేరట. అక్కడ్నుంచి నడిచి వచ్చింది. గొడుగు విరిగిపోయి ఊచలు మిగిలాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చెప్పులు విప్పకుండా గుడి మధ్యలోంచి నడిచి వస్తుంటే పాట దానంతటదే ఆగిపోయింది.

"అయ్యగారూ, నాకు భయమేస్తోందండీ" అంది. "కాలవలో నీళ్ళు సముద్రంలోకి పోవట్లేదు. ఊళ్ళోకి వస్తున్నాయి. గుర్రపుడెక్క ఎదురు వస్తోంది, నేను చూశాను. మీకు భయం వెయ్యట్లేదా?"

అయ్యగారు అందరి వంకా చూశారు. పాస్టరు గారు అందరి ముందూ ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. "వేస్తోందమ్మా" అన్నారు.

అని, బల్ల మీది సిలువ తీసి చేత పట్టుకున్నారు. "మిగతా ఆరాధన బిల్డింగులో" అని కేకేసి, ఆగిన పాటని ఆగిన చోట నుంచి ఎత్తుకుని, వానలోకి నడిచారు. మట్టలాదివారం ఊరేగింపుకి ఎలా కదులుతారో అలాగే కదిలింది పాలెమంతా, ముందు మగపిల్లలు, వెనక ఆడవాళ్ళు. గంట చేసిన పొరపాటుని పాట దిద్దింది.

మా అత్తయ్య మాత్రం చాప మీద నుంచి లేవలేదు. "నేను రాను. మీరు పోండి. ఆ రోజు బతికించినోడు ఈ రోజు చంపుతాడా?"

నేను ఏడుస్తున్నాను, బతిమాలుతున్నాను, తిడుతున్నాను. మేడం గారు మా ఇద్దరి పక్కన గొంతుక్కూర్చుంది. భయంతో వణుకుతూనే అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో నాకు చెప్పిందెవరు? నువ్వే కదా. నీ మాట నమ్మే కదా ఆ గీత గీశాను. ఇంకెవరి మాటా కాదు అది, నీ సాక్ష్యం. నీ సాక్ష్యం నువ్వే నమ్మకపోతే ఎట్లా?"

అత్తయ్య గీత వంక చూసింది. నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. నిలబడ్డా గీత ఆమె కొప్పుకి పైనే ఉంది. చూసి, "పదండి" అంది.

రోడ్డు మీదకి వచ్చేసరికి కాలవ గట్టు తెగడానికి సిద్ధంగా ఉంది. నీళ్ళు నా పాదాల మీదుగా వెళ్తున్నాయి, వెచ్చగా, ఉప్పువాసనతో. ఆ వెచ్చదనం ఇప్పటికీ కలలోకి వస్తుంది. మేడం గారు ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో అత్తయ్య. దారి పొడుగునా ఆవిడ ఒకటే మాట, "నాకు భయమేస్తోంది, నాకు భయమేస్తోంది" అని. దానికి తగ్గట్టు అడుగులు వేశాం.

తుపాను తగ్గాక వెళ్ళి చూస్తే గుడిలో బురద గీత నీలి గీతకి జానెడు కిందుంది. చాపలు కిటికీ ఊచలకి చుట్టుకుని ఉన్నాయి. ఎవరో ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే గభాలున వెనక్కి జరిగింది. "ఇది సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ వచ్చింది కాబట్టి ఇంతే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వచ్చుంటే గీత దాటేది" అంది. అందరూ గుండెల మీద చేతులు వేసుకుని ఊపిరి పీల్చుకుంటుంటే ఆవిడకి మళ్ళీ భయం మొదలు. ఆపైన బడి గుమ్మంలో కూర్చుని నాతో, "తప్పు నాదమ్మా. గాలి గురించి చదివాను, నీళ్ళ గురించి చదివాను. గంట గురించి చదవలేదు" అంది.

అప్పట్నుంచి తుపాన్ల కాలం వచ్చిందంటే, అప్పుడప్పుడూ ఒక ఆదివారం అయ్యగారు గంట ఆపకుండా కొడతారు. ఆరాధన బిల్డింగులో జరుగుతుంది. మేకల్ని తోలి, కడిగి, అక్కడే ప్రసంగం, అక్కడే భోజనాలు. "చెవులకి చెప్తే చాలదు, కాళ్ళకి నేర్పాలి" అనేది ఆవిడ. వచ్చినప్పుడు తలుపు పక్కనే కూర్చునేది.

మొన్న మధ్యాహ్నం నేను క్లాసులో ఉన్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉన్నట్టుండి గంట మొదలైంది. పోయినోళ్ళకి కొట్టినట్టు ఒకటొకటిగా కాదు, ఆపకుండా. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎలా బయటపడ్డానో తెలీదు. వీధిలో అందరూ నడుస్తున్నారు, మూటలతో, మందులతో, పసిపిల్లలతో. గుడి వైపు కాదు. సముద్రం ఎటొస్తుందోనని అందరూ వెనక్కి వెనక్కి చూసుకుంటున్నారు.

బిల్డింగు మెట్ల మీద అందరికన్నా ముందు మా అత్తయ్యే ఉంది, రొప్పుతూ. కాసేపటికి అయ్యగారు వచ్చి, బాపట్ల నుంచి వచ్చిన కబురు చెప్పారు. "ఒకటొకటిగానే కొడదామనుకున్నానమ్మా. చెయ్యి ఆగలేదు" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

పనులు వదిలేసి ఎండలో పరిగెత్తించారని ఎవరూ విసుక్కోలేదు. మూటలు కింద పెట్టుకుని, తలుపు పక్కన కొంచెం చోటు వదిలి, అక్కడే కూర్చుండిపోయారు. అత్తయ్య ఆ ఖాళీ చోటు వంక చూసి చూసి, నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఒక్కసారిగా గొల్లుమంది.

"రాకపోతే తిట్టుకోమన్నావు గదే తల్లీ! రాలేదే తుపాను! తిట్టడానికి మేమందరం ఉన్నామే! పడ్డానికి నువ్వు లేకపోతే ఎట్టాగే!"